పెడన కలంకారీ జీవవృక్షం దుప్పటి: ముందు వెనక్కి తిప్పి చూడండి

కలంకారీ అని చీటీ అంటించి ఇవాళ అమ్ముతున్న దాంట్లో నాలుగు రకాల సరుకు కలిసిపోయింది. చేత్తో అచ్చు వేసి మొక్కల రంగులో ఉడికించింది ఒకటి. చేత్తోనే అచ్చు వేసినా రసాయనపు రంగు వాడింది ఇంకోటి. స్క్రీన్ మీద రంగు తోసింది మూడోది. కంప్యూటర్ నుంచి నేరుగా పాలిస్టర్ మీదికి దిగిన డిజిటల్ ప్రింటు నాలుగోది. అన్నిటి మీదా అదే చెట్టు, అవే నెమళ్లు, అదే మామిడి పిందెల అంచు. ఇక్కడ పరిశీలిస్తున్నది మొదటి రకం: కృష్ణా జిల్లా పెడన పద్ధతిలో తయారయ్యే జీవవృక్షం డబుల్ దుప్పటి, 90 అంగుళాలు × 108 అంగుళాలు. మిగతావి పోలిక కోసం వస్తాయి.

తీర్పు ముందే చెప్పేస్తాం. గోడకు వేలాడదీయడానికైతే నిశ్చింతగా కొనండి. రోజూ పరుచుకోవడానికైతే చెట్టు బొమ్మ వద్దు, ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉండే అల్లిక బొమ్మ తీసుకోండి. "పూర్తిగా సహజ రంగులు" అన్న మాటకు మాత్రం అదనంగా డబ్బు ఇచ్చే ముందు కింద రాసిన రెండు మూడు ప్రశ్నలు అడగండి.

బొమ్మ ఎవరిది?

చీటీ మీద సాధారణంగా "మన ప్రాచీన సంప్రదాయ కళ" అని ఉంటుంది. అది సగమే నిజం. కలం, కారీ రెండూ పారశీ నుంచి వచ్చిన మాటలు. తెలుగులో బందరు వైపు దీన్ని అద్దకం అన్నారు, కాళహస్తి వైపు వ్రాతపని అన్నారు. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి ఇరాన్‌కు పోయే సరుకులో ఈ గుడ్డ ముఖ్యమైనది కాబట్టి, గీసేవాళ్లు కొనేవాళ్ల కంటికి తగ్గట్టు గీశారు. దుప్పటి పైభాగాన కనిపించే కమాను మసీదులోని మిహ్రాబు ఆకారం. పక్కన నిటారుగా నిలబడే సన్నటి చెట్టు సరో, అంటే సైప్రస్. అది కృష్ణా డెల్టాలో మొలిచే చెట్టు కాదు. మనం మామిడి పిందె అనుకునే ఆకారాన్ని ఇరాన్‌లో బూతె అంటారు. ఇస్ఫహాన్‌లో ఇప్పటికీ కలంకార్ అన్న పేరుతోనే అచ్చు గుడ్డలు చేస్తున్నారు. నలుపు, ఎరుపు, నీలం, పసుపు అచ్చులు వాళ్లవీ చెక్కవే. రెండు గుడ్డల్నీ పక్కపక్కన పెడితే అంచుల్లో తేడా పట్టడం అలవాటున్న కంటికి కూడా కష్టమే.

చెట్టు కథ మరీ చిత్రం. 1643లో ఈస్టిండియా కంపెనీ లండన్ పెద్దలు సూరత్‌లోని తమ గుమాస్తాలకు ఒక ఉత్తరం రాశారు. మీరు పంపే రజాయిల్లో ముదురెరుపు నేల (బొమ్మల వెనక ఉండే గుడ్డ భాగం) ఎక్కువైంది, ఇక్కడ అది అంతగా పోవడం లేదు, ఇకపై తెల్ల నేల ఎక్కువ ఉంచి పూలూ కొమ్మలూ రంగుల్లో వేయించండి అని దాని సారాంశం. కోరమండల్ తీరంలో, అంటే మన తూర్పు తీరంలో, యూరపు కోసం గీసిన పలంపూర్లలోనూ ఆ తెల్ల నేలే స్థిరపడింది. (పలంపూర్ అనేది పలంగ్‌పోష్‌కు వాళ్ల నోట్లో వచ్చిన రూపం. మంచం మీద కప్పేది అని అర్థం.) రాళ్ల గుట్ట మీంచి మెలికలు తిరిగి లేచే చెట్టు, దానికి చైనా పింగాణీ మీది పూలు, ఇరాన్ దానిమ్మలు, యూరపు కుట్టుపని ఆకులు, అన్నీ ఒకే కొమ్మకు. ఈ ఊళ్లో ఇలాంటి చెట్టు లేదు, ఏ ఊళ్లోనూ లేదు. బేరం కుదరడం కోసం పుట్టిన చెట్టు అది.

అలా వెళ్లిన గుడ్డ అక్కడివాళ్ల సొంతమూ అయిపోయింది. నెదర్లాండ్స్ ఫ్రీస్లాండ్‌లో హిండలోపెన్ అనే రేవు పట్నం ఉంది. అక్కడి ఆడవాళ్ల సంప్రదాయ దుస్తుల్లో పొడుగు కోటు కోరమండల్ తీరపు పూలగుడ్డతో కుట్టిందే. నీలం తెలుపు గుడ్డ సంతాపానికి. సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజాస్థానం తన నమూనాల ప్రకారం, చేతులు జోడించిన దేవతల బొమ్మలతో ఇక్కడ గీయించుకుంది. జపాన్‌లో సరస అన్న పేరుతో తేనీటి వేడుక సామాను చుట్టడానికి చిన్న ముక్కలు దాచుకున్నారు. పెడన పూలకే, కాళహస్తి దేవుళ్లకే అని అందరూ చెప్పే విభజన ఇప్పటి అంగళ్లకు సరిపోతుంది గాని చరిత్రకు సరిపోదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో 17వ శతాబ్దం తొలి భాగంలో కోరమండల్ తీరంలో గీసిన ఏడు పలకల తెర ఉంది. ఒక్కో పలకలో ఒక్కో దేశపు మనుషులు తమ తమ వేషాలతో నిలబడి ఉంటారు. ఆ రేవుల్లో తిరిగిన జనాన్ని అద్దకంవాళ్లు అంత దగ్గరగా చూశారు.

ఇదంతా కొనేవాళ్లకు ఎందుకంటే, బొమ్మను బట్టి మంచిచెడ్డలు తేల్చడం ఇక్కడ కుదరదు. ఒకే కొమ్మకు నాలుగు జాతుల పూలు ఉంటే అది తప్పు కాదు, ఈ చెట్టు లక్షణమే అది. గణేశుడి బొమ్మ ఉందని గుడ్డ ఎక్కువ "మనది" అయిపోదు, సరో చెట్టు ఉందని తక్కువా కాదు. బొమ్మను ఎవరైనా స్కాన్ చేసుకోవచ్చు. ఎరుపు తెప్పించే పని మాత్రం ఈ నేలది, ఈ నీటిది. కృష్ణా డెల్టాలో దొరికిన, ఎరుపు రంగు ఇచ్చే చిరివేరుకు అంత పేరు రావడానికి కారణం గుల్లల సున్నం కలిసిన ఇసుక నేల అంటారు. ఆ వేరు ఎరుపు మరింత ముదురుగా పట్టేది. అందుకే చూడాల్సింది రంగు పట్టిన తీరు, ఆ తర్వాత అచ్చు పడిన తీరు.

దెబ్బల లెక్క

ఆరంగుళాల చదరపు అచ్చు అనుకుందాం. 90 × 108 దుప్పటి నిండా ఒక రంగు వేయడానికి 270 దెబ్బలు. మూడు రంగులంటే 810. చెట్టు బొమ్మకు కాండం, కొమ్మ, పువ్వు, పక్షి వేరువేరు అచ్చులు, అంచుకూ మూలకూ మళ్లీ వేరు. ఎక్కడైనా ఒక దెబ్బ జారితే తుడిచేసి మళ్లీ వేయడమంటూ ఉండదు. ఇది తెలిశాక, స్క్రీన్ ప్రింటు ధరకే "చేతి అచ్చు" అని ఎవరైనా ఇస్తానంటే నమ్మాల్సిన పని లేదు.

పని వరుస క్లుప్తంగా ఇది. కోరా గుడ్డకున్న గంజి పోయేదాకా పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో తెల్లబరుస్తారు. తర్వాత కరక్కాయ నీళ్లలో ముంచుతారు. గుడ్డ లేత పసుపుకు తిరుగుతుంది. ఇనుప తుక్కు, బెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టిన కసిమికి తుమ్మబంక చేర్చి, గీత అచ్చుతో వేస్తారు. కరక్కాయలోని వగరు తగిలిన క్షణంలోనే అది నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక అచ్చు. పటికకు రంగు లేదు కాబట్టి, ఎక్కడ వేశారో కనబడేందుకు తర్వాత కడిగితే పోయే రంగు కాస్త కలుపుతారు. ఆరాక పారే నీళ్లలో కడిగి, రాగి కాగులో ఎరుపిచ్చే మంజిష్ఠ వేరుతో గాని సురుడు చెక్కతో గాని, జాజి ఆకు కలిపి ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు అతుక్కుంటుంది. ఉడికిన గుడ్డను మళ్లీ పేడనీళ్లు, ఎండ, తడి వేసి నేల తెల్లబరుస్తారు. చివరికి పసుపు, నీలం.

ఈ వరుసలో ఎక్కడ తొందరపడ్డా ఆ మచ్చ గుడ్డ మీద మిగిలిపోతుంది. చెట్టు చుట్టూ తెల్ల నేల గులాబీ రంగుకు తిరిగిందంటే పటిక కడుగుడు సరిగా జరగలేదు. నిలవ నీళ్లలో కడిగితే వదులైన పటిక పక్కకు పోయి తెల్ల చోట కూర్చుంటుంది, కాగులో అదీ ఎర్రబడుతుంది. కాలువ నీళ్లు కావాలనేది ఇందుకే. నల్లగీత గోధుమరంగులో ఉంటే కరక్కాయ చాలలేదు, లేదా కసిమి పులవలేదు. గీత ఒరిసి మబ్బులా పాకితే బంక పలుచన. ఎరుపు మచ్చలు మచ్చలుగా ఉంటే కాగులో గుడ్డను కదపకుండా వదిలేశారు. ఆకు ఈనెల్లాంటి సన్న జంటగీతలు పూడిపోయి ఒకే మందపు గీతగా పడితే అచ్చు అరిగిపోయింది, లేదా సందుల్లో రంగు గడ్డకట్టింది. వీటిలో మొదటిది, చివరిది ఉంటే దుప్పటి పక్కన పెట్టేయండి. మిగతావి తగ్గింపు ధర అడగడానికి సరిపోయే లోపాలు.

అచ్చుకూ అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి సందు, లేదా రెండు దెబ్బలు ఒకదానిమీదొకటి పడి ముదిరిన గీత: ఇవి లోపాలు కావు. ఇవి లేకపోతేనే అనుమానపడాలి.

అంగట్లో చేయాల్సిన పరీక్షలు

ముందు గుడ్డను వెనక్కి తిప్పండి. చేతి అచ్చుతో వేసి ఉడికించిన గుడ్డలో నలుపు, ఎరుపు నూలు లోపలిదాకా దిగుతాయి, వెనక కూడా చెట్టు స్పష్టంగా గుర్తుపట్టొచ్చు. పిగ్మెంటుతో వేసిన స్క్రీన్ ప్రింటులో రంగు జిగురుతో పైన అతికి ఉంటుంది. వెనక పాలిపోయిన నీడ మిగులుతుంది, ముందు వైపు వేలితో రాస్తే కాస్త రబ్బరులా తగులుతుంది. డిజిటల్ పాలిస్టర్‌కు వెనక దాదాపు తెలుపే.

తర్వాత అంచు వెంబడి వేలు పోనివ్వండి. ప్రతి అయిదారు అంగుళాలకు ఒక అతుకు తగలాలి. మూలకు వచ్చేసరికి అచ్చు సరిగ్గా సరిపోదు; పనివాడు సగం అచ్చు వేసో, కాగితం అడ్డుపెట్టో సర్దుకుంటాడు. నాలుగు మూలలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయంటే (మాట అదే గాని అర్థం తిరగబడింది) అది చేతి అచ్చు కాకపోవచ్చు.

తడి తెల్లగుడ్డతో ఎర్రటి చోట ఇరవైసార్లు రుద్దండి. ఉడికించిన ఎరుపు దిగకూడదు. నీలం కొద్దిగా అంటితే కంగారు వద్దు, నీలిమందుకు ఆ గుణం ఉంది.

నిమ్మరసం పరీక్ష గురించి చాలామంది చెబుతారు. అంగడివాళ్లు ఒప్పుకుంటే ఏ మూలనో ఒక చుక్క వేస్తే ఇనుము నలుపు పాలిపోతుంది, పటిక ఎరుపు పసుపు వైపు జరుగుతుంది. రసాయనపు రంగుల్లో చాలావరకు కదలవు. దీంతో ఒక చిక్కుంది. మంజిష్ఠ జాతి వేళ్లకు ఎరుపు ఇచ్చే పదార్థాల్లో ముఖ్యమైన అలిజరిన్‌ను 1868లోనే జర్మనీలో ప్రయోగశాలలో తయారు చేశారు. ఫ్యాక్టరీ అలిజరిన్ కూడా పటికతోనే పడుతుంది, నిమ్మరసానికి అలాగే స్పందిస్తుంది. కాబట్టి ఈ పరీక్షతో అద్దకం పద్ధతి తెలుస్తుంది, వేరు తెలియదు. మా దృష్టిలో అలిజరిన్ వాడకం మోసం కాదు. ఎరుపు గట్టిగా నిలుస్తుంది, ఒకే ఛాయ వస్తుంది. అలిజరిన్ వాడి "వేళ్ల రంగు" అని ధర పెంచడమే మోసం.

నీలం, ఆకుపచ్చ ఎక్కువగా ఉన్న అచ్చు దుప్పటి దగ్గర ఇంకో ప్రశ్న అడగాలి: నీలం ఎలా వేశారు? నీలిమందు గాలి తగలగానే నీళ్లలో కరగని రూపానికి మారిపోతుంది, కాబట్టి అచ్చుకు లొంగదు. పూర్వం రంగు వద్దన్న చోటంతా మైనం పూసి, తొట్టిలో ముంచేవారు. అంత శ్రమ పడ్డవాళ్లు అడగ్గానే వివరంగా చెబుతారు. "అంతా నేచురలే అండి" అని తేల్చేస్తే నలుపు, ఎరుపు, లేత పసుపు మాత్రమే ఉన్న దుప్పటి ఎంచుకోండి. బేరానికీ అదే మేలు, చూడ్డానికీ అదే మేలు.

కొలత కూడా వేయండి. కాగులో ఉడికిన గుడ్డ ముడుచుకోవాల్సినంత అప్పటికే ముడుచుకుని ఉంటుంది. స్క్రీన్ ప్రింటు గుడ్డ చాలాసార్లు మొదటి ఉతుకులోనే పొట్టిదవుతుంది. వెడల్పు తక్కువ గుడ్డ రెండు పలకలు కలిపి కుట్టినదైతే, నడిమి కుట్టు దగ్గర కాండం కలిసిందో లేదో చూడండి. అర అంగుళం తేడా ఉంటే మంచం మీద కనబడదు, గోడ మీద రోజూ కనబడుతుంది.

శ్రీకాళహస్తి పనితో పోలిక

రెండూ కలంకారీయే, రెండింటికీ వేరువేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది, కానీ ఒకదాని బదులు ఇంకోటి కొనడం తెలివైన పని కాదు. కాళహస్తిలో చింతపుల్లల బొగ్గుతో నమూనా గీసి, మొన చెక్కిన వెదురు పుల్లకు నూలూ ఉన్నీ చుట్టిన కలంతో కసిమి గీత లాగుతారు. కరక్కాయలో గేదెపాలు కలపడం అక్కడ తప్పనిసరి. పాలలోని కొవ్వు గీత పాకకుండా ఆపుతుంది. కొత్త గుడ్డకు వచ్చే ఆ పులిసిన వాసన దానిదే, రెండు మూడు ఉతుకులకు పోతుంది. అక్కడి జీవవృక్షంలో గీత మందం ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా ఊపిరి తీసినట్టు మారుతుంది. అచ్చులో అది రాదు. ధర ఎన్నో రెట్లు ఎక్కువ, అది న్యాయమే. ఒక్క గోడకు ఒక్క బొమ్మ చాలనుకునేవారికి కాళహస్తి. కిటికీ తెరలు, దుప్పటి, దిండు గలేబులు ఒకే వరసలో కావాలంటే పెడన.

ఇంటికి తెచ్చాక

అసలు గుడ్డలు పాడయ్యేది ఇక్కడే.

ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందన్న సలహా దీనికి పనికిరాదు. పటికతో పట్టిన రంగు కాగులోనే పట్టేసింది, పట్టనిది ఎలాగూ పోతుంది. పది పన్నెండు కుంకుడుకాయల రసం బకెట్టు చల్లటి నీళ్లలో కలిపి, పది నిమిషాలు ఆడించి, పిండకుండా నీడన ఆరేయండి. డిటర్జెంటులోని క్షారం ముందు పసుపును తినేస్తుంది. చింతపండు, నిమ్మ పడితే వెంటనే కడగాలి, ఆలస్యమైతే నలుపు పోతుంది. బోరు నీళ్లలో ఇనుము ఉన్న ఊళ్లో జాగ్రత్త: గుడ్డ నేలలో మిగిలిన కరక్కాయ వగరు ఆ ఇనుముతో కలిసి గుడ్డంతా బూడిదరంగు అవుతుంది. తుప్పు పట్టిన ఇనుప క్లిప్పులు, తీగలు కూడా అదే పని చేస్తాయి. అమెరికా, యూరపుల్లో ఉన్నవారు డ్రయ్యర్‌లో వేయొద్దు.

ఎండకు మొదట వెలిసేది పసుపే. ఆకుపచ్చ అనేది నీలం మీద పసుపు పూసినది కాబట్టి, పసుపు పోగానే ఆకులు నీలంగా మిగులుతాయి. మ్యూజియాల్లో పాత పలంపూర్ల చెట్లకు నీలి ఆకులు కనబడటానికి కారణం ఇదే. చిత్రకారుడు అలా గీయలేదు. ఎండ నేరుగా పడని గోడ చూసుకోండి.

తగిలించేటప్పుడు మేకులు, క్లిప్పులు వద్దు. ఈ కొలత దుప్పటి కిలోకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది, ఆ బరువంతా నాలుగు చుక్కల మీద పడితే గుడ్డ సాగి అలలు తేలుతుంది. పై అంచు వెనక నాలుగంగుళాల వెడల్పు నూలు పట్టీని పొడవునా గొట్టంలా కుట్టించి, దాంట్లోంచి కర్ర పోనిస్తే బరువు సమంగా పడుతుంది. కమాను ఉన్న వైపు పైకి రావాలి. ఇదే దుప్పటి మంచం మీద పరిస్తే కమాను తలగడల కింద, రాళ్లగుట్ట కాళ్ల దగ్గర పోయి, మధ్యలో కాండం మాత్రం మిగులుతుంది. అందుకే ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉండే అల్లిక బొమ్మ మంచానికి మేలన్నాం.

దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో పెట్టకుండా, పాత తెల్ల ధోవతిలో చుట్టండి. ఆర్నెల్లకోసారి విప్పి మడతలు మార్చండి. మడత నల్లగీత మీదుగా పోకుండా చూసుకోవాలి, ఎందుకంటే కసిమిలోని ఇనుము ఏళ్ల తరబడి నూలును కొరుకుతుంది. రెండు మూడు వందల ఏళ్ల నాటి గుడ్డల్లో పూల రంగు ఇంకా మెరుస్తుంటే, చుట్టూ గీసిన నల్లగీత మాత్రం సన్నటి చిరుగుగా మారిపోయి ఉంటుంది.